మందిరాల మరమ్మతుల్లో ముందు తీగల సంగతి తేల్చండి

సంపాదకులు గారికి, నమస్కారం.

నగరంలోని పాత సభామందిరాలకు మరమ్మతులు చేస్తున్నారనీ, వాటిలో అధునాతన డిజిటల్ శబ్ద వ్యవస్థలు పెడుతున్నారనీ పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. ఆ వార్తల్లో స్పీకర్ల వాట్లు, మిక్సర్ కంపెనీ పేరు, కుర్చీల సంఖ్య, ఏసీ సంగతి అన్నీ ఉంటాయి గానీ, వేదిక మీది మైకు నుంచి, మైకుల శబ్దాలన్నిటినీ కలిపి సరిదిద్దే, హాలు వెనక ఉన్న మిక్సర్ దాకా శబ్దం ఏ దారిన వెళ్తుందన్న ప్రస్తావన మాత్రం ఎక్కడా కనిపించదు. కూచిపూడి ప్రదర్శనలకూ, పద్యనాటకాలకూ, సంగీత కచేరీలకూ ఈ నగరంలో సౌండ్ మిక్సింగ్ చేస్తూ బతుకుతున్నవాణ్ని. మా పనిలో సాయంత్రం సజావుగా సాగడమా, రసాభాస కావడమా అన్నది చాలావరకు ఆ దారి మీదే ఆధారపడి ఉంటుంది. మిక్సర్ పాతబడితే పదేళ్ల లోపే మార్చేస్తారు. గోడలో వేసి ప్లాస్టరింగ్ చేసిన తీగను మళ్లీ మరమ్మతులు జరిగేదాకా ఎవరూ ముట్టుకోరు. అందుచేత టెండరు పత్రం తయారు చేసేవారు మిక్సర్ బ్రాండు కంటే ముందు తీగల సంగతీ, నెట్‌వర్క్ సంగతీ తేల్చాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

పాత పద్ధతిలో వేదిక పక్కన ఒక ఇనుప పెట్టె, దాని నుంచి 24 లేదా 32 జతల రాగి తీగలున్న లావుపాటి మల్టీకోర్ కేబుల్ హాలు చివరి దాకా ఉండేవి. దాన్నే మా వాళ్లు స్నేక్ అంటారు. చుట్ట చుట్టి వ్యానులోకి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. లైటింగ్ డిమ్మర్ల కేబుళ్ల పక్క నుంచి పోతే జుయ్‌మని హమ్ పట్టుకునేది, ఎర్తింగ్ సరిగా లేని హాల్లో ఆ హమ్‌ను వదిలించుకోవడానికే సగం సౌండ్ చెక్ అయిపోయేది. అయినా దానికి ఒక సుగుణం ఉండేది. ఏ కంపెనీ మిక్సర్ తెచ్చి తగిలించినా పనిచేసేది. ఒక పిన్ను ఊడితే ఆ ఒక్క ఛానలే (అంటే ఒక మైకు శబ్దపు పాయే) పోయేది, మిగతావి నిలిచేవి. రవీంద్రభారతి 1961లో తెరుచుకున్ననాటి నుంచి ఎన్ని తరాల మిక్సర్లు మారి ఉంటాయో ఊహించుకోవచ్చు. మైకు పిన్నూ రాగి తీగల జతా ఉన్నంతకాలం ఆ మార్పులు గోడ జోలికి రావలసిన అవసరం లేకపోయింది.

డిజిటల్ మిక్సర్లు వచ్చాక ఆ ఇనుప పెట్టె స్థానంలో స్టేజ్ బాక్సు వచ్చింది. అది మైకు ఇచ్చే బలహీనమైన సంకేతాన్ని వేదిక దగ్గరే పెంచి, అంకెలుగా మార్చి, ఇంటర్నెట్‌కు వాడే లాంటి ఒక్క సన్నని కేబుల్ మీద మిక్సర్‌కు పంపుతుంది. గెయిన్‌నూ (అంటే సంకేతాన్ని ఎంత పెంచాలన్న మోతాదునూ), కండెన్సర్ మైకులకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌నూ మిక్సర్ దగ్గర కూర్చునే సవరించుకోవచ్చు. హమ్ బెడద చాలామటుకు తీరింది, మోతబరువు తగ్గింది. కానీ చిక్కు మరోచోట మొదలైంది. ఈ నగరంలో అద్దెకు దొరికే వాటిలో బెహ్రింగర్ ఎక్స్32, మైడాస్ ఎం32 మిక్సర్లు విరివిగా కనిపిస్తాయి. అంకెలుగా మారిన శబ్దాన్ని కేబుల్ మీద పంపే పద్ధతులు కంపెనీని బట్టి మారతాయి. వాటి స్టేజ్ బాక్సులు ఏఈఎస్50 అనే పద్ధతిలో నడుస్తాయి. యమహా సీఎల్, క్యూఎల్ మిక్సర్లలో డాంటే అనే మరో పద్ధతి మొదటి నుంచీ లోపలే ఉంది. అలెన్ అండ్ హీత్ వారి ఎస్‌క్యూ మిక్సర్లకు ఎస్‌లింక్ అనే సొంత పోర్టు ఉంది. ప్రీసోనస్ స్టూడియోలైవ్ మూడో శ్రేణి ఏవీబీ పద్ధతిది. డిజికో వంటి పెద్ద కన్సోళ్లకు మాడీ, ఆప్టోకోర్ ఫైబర్ లింకులు ఉంటాయి. మాడీని, ఫైబర్‌ను పక్కన పెడితే మిగిలినవన్నీ చూడటానికి ఒకే రకం పోర్టు, ఒకే రకం పిన్ను, ఒకే రకం కేబుల్; ఒకదాన్ని తీసి మరొకదానిలో తగిలిస్తే చక్కగా కూర్చుంటుంది, శబ్దం మాత్రం రాదు.

ఒక ఉదాహరణ చెబుతాను. నగరంలో ఈమధ్యే ఆధునికీకరించిన ఒక మందిరంలో సాయంత్రం పద్యనాటకం ఉంది. వేదిక ఎడమ పక్క గోడలో ‘స్టేజ్ ల్యాన్ 1’ అని చీటీ అంటించిన పోర్టు, హాలు వెనక మిక్సింగ్ బల్ల దగ్గర అదే పేరుతో మరో పోర్టు ఉన్నాయి. ఆ పోర్టుకు ఎస్16 స్టేజ్ బాక్సునూ, ఈ పోర్టుకు ఎక్స్32 మిక్సర్‌నూ కలిపాం. స్టేజ్ బాక్సు మీది ఏఈఎస్50 దీపం పచ్చగా వెలగవలసింది ఎర్రగానే ఉండిపోయింది. ముక్క కేబుళ్లు మార్చాం, రెండో పోర్టు చూశాం, మిక్సర్ ఆపి మళ్లీ వేశాం. చివరికి మందిరం ఎలక్ట్రీషియన్‌ను బతిమాలి మెట్ల కింద ఉన్న గది తాళం తీయిస్తే అసలు సంగతి బయటపడింది. ఆ రెండు పోర్టులూ ఒకదానికొకటి నేరుగా కలవవు; రెండూ సీసీ కెమెరాల స్విచ్‌లోకి (నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే పెట్టెలోకి) వెళ్లి అక్కడి నుంచి విడిపోతున్నాయి. రంగు వేసుకుని, కిరీటాలు పెట్టుకుని నటులు తెర వెనక కూర్చుని ఉండగా, మేము నడవ పొడవునా సొంత కేబుల్ పరిచి, ప్రేక్షకుల కాళ్లకు తగలకుండా టేపు అంటించుకుంటూ పోయాం. కోట్లు పెట్టి బాగు చేసిన హాల్లో నేల మీద కేబుల్ పరచడం ఏమిటని నిర్వాహకులు మమ్మల్నే కోప్పడ్డారు.

ఇందులో స్విచ్ దోషమూ లేదు, స్టేజ్ బాక్సు దోషమూ లేదు. ఏఈఎస్50 అన్నది స్విచ్ గుండా పోయేది కాదు. ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ ప్రమాణంగా వెలువరించిన ఈ పద్ధతి, కేబుల్‌లోని నాలుగు జతల్లో రెండింటి మీద శబ్దాన్నీ, మిగిలిన రెండింటి మీద క్లాక్ సంకేతాన్నీ నడుపుతుంది. ఈ కొస నుంచి ఆ కొసకు తీగ ఏకంగా ఉండి తీరాలి. అలా ఉంటే 100 మీటర్ల లోపు, 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర, ఒక్కో దిశలో 48 ఛానళ్లు దాదాపు ఆలస్యమే లేకుండా పోతాయి. దూరం సరిపోక మామూలు నెట్‌వర్క్ మీడియా కన్వర్టర్ పెట్టి ఫైబర్ మీద సాగదీద్దామంటే కూడా కుదరదు, దానికి ప్రత్యేకమైన ఎక్స్‌టెండర్ కావాలి. కేబుల్‌కు షీల్డ్ ఉండాలి, ఆ షీల్డ్ రెండు కొసలా ఈథర్‌కాన్ కనెక్టర్ లోహపు తొడుగుకు కలిసి ఉండాలి. లేకపోతే ఎండాకాలపు పొడి గాలిలో, సింథటిక్ కార్పెట్ మీద నడిచి వచ్చినవారెవరైనా స్టేజ్ బాక్సును తాకినప్పుడు పుట్టే స్థిరవిద్యుత్తుకే లింకు క్షణకాలం తెగి, హాలంతా టప్పుమంటుంది. ఈ నియమాలు పాటిస్తే మాత్రం ఇంత తక్కువ ఖర్చులో ఇంత నమ్మకంగా పనిచేసే ఏర్పాటు మరొకటి లేదని నా అభిప్రాయం. పదహారు ఛానళ్లతో పని జరిగిపోయే నాటక సమాజానికీ, చిన్న నాట్య బృందానికీ డాంటే అవసరమేమీ లేదు. అమ్మేవారు అవసరమని చెబుతారు, అది వేరే సంగతి.

డాంటే ఉపయోగం పెద్ద మందిరాల్లో తెలుస్తుంది. సిడ్నీ కేంద్రంగా 2006లో ఏర్పడిన ఆడినేట్ సంస్థ దీన్ని రూపొందించింది; మార్కెట్లో దొరికే మామూలు గిగాబిట్ స్విచ్‌ల మీదే ఇది నడుస్తుంది. వేదిక పక్క స్టేజ్ బాక్సు, హాలు వెనక మిక్సర్, వేదిక పక్కన కళాకారులకు తమ శబ్దం వినిపించే మానిటర్ మిక్సర్, పై గదిలో రికార్డింగ్ కంప్యూటర్, ఆవరణలోని రెండో హాలు, ఏ ఛానల్‌ను ఎటు కావాలంటే అటు కంప్యూటర్ తెర మీద ఒక నొక్కుతో పంపవచ్చు. గిగాబిట్ లింకు మీద ఒక్కో దిశలో 512 ఛానళ్ల దాకా నడుస్తాయి. లెక్క చూసినా తెలుస్తుంది: సెకనుకు 48,000 శాంపిళ్లు, ఒక్కోదానికి 24 బిట్లు అంటే ఒక ఛానల్‌కు 1.152 మెగాబిట్లు, 32 ఛానళ్లకు 37 మెగాబిట్ల లోపే. ప్యాకెట్ల పైభారం కలుపుకున్నా వెయ్యి మెగాబిట్ల లింకులో అదొక మూల. అందుకే కాబోలు, ‘మన ఆఫీసు నెట్‌వర్క్ ఉందిగా, అందులోనే పోతుందిలెండి’ అని తేలిగ్గా అనేస్తుంటారు.

ఇబ్బంది వెడల్పుతో కాదు, సమయంతో వస్తుంది. డాంటే పరికరాలన్నీ తమలో ఒకదాన్ని క్లాక్‌గా ఎన్నుకుని, పీటీపీ అనే పద్ధతిలో అది పంపే సందేశాలను బట్టి తమ తమ క్లాక్‌లను సరిచేసుకుంటూ ఉంటాయి. ఆ సందేశాలు కెమెరాల వీడియో ప్యాకెట్ల వెనక వరుసలో నిలబడితే క్లాక్ ఊగిసలాడుతుంది, శబ్దంలో టిక్కు టిక్కుమని చిటుకులు వస్తాయి, ఒక్కోసారి ఛానళ్లే మూగబోతాయి. రోడ్డు ఎంత వెడల్పున్నా అంబులెన్సుకు దారి ఇప్పించే పోలీసు లేకపోతే పంజాగుట్ట కూడలిలో ఏమవుతుందో నగరవాసులకు చెప్పనక్కరలేదు. నెట్‌వర్క్‌లో ఆ పోలీసు పని చేసేది స్విచ్‌లోని క్యూఓఎస్ అమరిక. క్లాక్ సందేశాలకు మొదటి స్థానం, శబ్దానికి రెండో స్థానం, మిగతావన్నీ ఆ తర్వాత అని అందులో చెప్పిపెట్టాలి. కరెంటు ఆదా కోసం స్విచ్‌లలో ఉండే గ్రీన్ ఈథర్‌నెట్ సౌకర్యం ఖాళీ సమయంలో పోర్టును కునుకు తీయిస్తుంది కాబట్టి దాన్ని ఆపివేయాలి. ఒకే శబ్దాన్ని చాలా పరికరాలకు మల్టీకాస్ట్‌గా పంపుతున్నప్పుడు అది అక్కరలేని పోర్టులకు కూడా వెళ్లి వాటిని ముంచెత్తకుండా ఐజీఎంపీ స్నూపింగ్ అమర్చుకోవాలి. ఇవన్నీ అమర్చడానికి వీలుండే మేనేజ్డ్ స్విచ్ కొనాలి, అమర్చడం తెలిసినవారి చేత పెట్టించాలి, దాన్ని శబ్దానికే కేటాయించాలి. టెండరు పత్రంలో ‘24 పోర్టుల స్విచ్ – 1’ అని రాసి ఊరుకుంటే తక్కువ ధరకు వచ్చేది ఏదో వస్తుంది.

డాంటే పరికరాల్లో చాలావాటికి ప్రైమరీ, సెకండరీ అని రెండు పోర్టులు ఉంటాయి. రెండు వేర్వేరు స్విచ్‌లతో, వేర్వేరు దారుల్లో వేసిన రెండు కేబుళ్లతో రెండు నెట్‌వర్క్‌లు కడితే, ఒకటి తెగినా వినేవారికి తెలియకుండానే రెండోది అందుకుంటుంది. ఇంత మంచి సౌకర్యాన్ని మన దగ్గర రెండు విధాలుగా పాడు చేస్తున్నారు. రెండు కేబుళ్లనూ ఒకే పైపులో లాగుతారు, ఎలుక కొరికితే రెండూ ఒకేసారి పోతాయి. లేదా రెండో పోర్టు సెకండరీగా కాక మామూలు స్విచ్ పోర్టులా పనిచేసే అమరికలో ఉండగా రెండింటినీ ఒకే స్విచ్‌కు తగిలిస్తారు. అప్పుడు నెట్‌వర్క్ తనలో తానే తిరిగే చక్రమై, ప్యాకెట్లు పోగుపడి, మొత్తం వ్యవస్థ నిలిచిపోతుంది. వేదిక మీద గాయకుడు ఆలాపన అందుకున్న క్షణంలో ఇది జరిగితే ఏ తీగ తీయాలో వెతకడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

కరెంటు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మరో మందిరంలో కూచిపూడి ప్రదర్శన మధ్యలో కరెంటు పోయి జనరేటర్ అందుకోవడానికి కొన్ని సెకన్లు పట్టింది. మా మిక్సర్‌కు యూపీఎస్ ఉంది, స్టేజ్ బాక్సుకూ ఉంది, రెండూ ఆగలేదు. కానీ రెండింటి మధ్యా ఉన్న మందిరం వారి స్విచ్ తాళం వేసిన గదిలో, యూపీఎస్ లేకుండా ఉంది. లైట్లు వెలిగాయి, స్పీకర్లు వెలిగాయి, స్విచ్ మాత్రం మేనేజ్డ్ స్విచ్‌లన్నీ చేసినట్టే తీరిగ్గా మొదటి నుంచీ లేవడం మొదలుపెట్టింది. అంతసేపూ హాల్లో మైకు లేదు. నట్టువనార్ తాళం వేగం తప్పనివ్వలేదు, మృదంగం విద్వాంసులు చేయి బరువు పెంచారు, ఆ అమ్మాయి తీర్మానం (జతి ముగింపు) పూర్తి చేసింది. ముందు వరుసల వారు చప్పట్లు కొట్టారు గానీ, వెనక వరుసల వారికి గజ్జెల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. రెండు మూడు వేల రూపాయల చిన్న యూపీఎస్ ఒకటి ఆ స్విచ్ పక్కన పెట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు. పాత స్నేక్ కేబుల్‌కు కరెంటు అక్కర లేదు కాబట్టి ఈ ప్రశ్న అప్పట్లో తలెత్తలేదు. కొత్త వ్యవస్థలో మైకుకూ మిక్సర్‌కూ మధ్య ఉన్న ప్రతి పరికరానికీ ఈ ప్రశ్న వేసుకోవాలి.

మిగిలిన పద్ధతుల గురించి ఎక్కువ రాయను. ఏవీబీ అనేది ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ప్రమాణాల మీద కట్టినది. స్విచ్ తానే శబ్దానికి దారిని ముందుగా రిజర్వు చేసి పెడుతుంది, మనం క్యూఓఎస్ అమర్చే పని ఉండదు. దీని మీద అవ్నూ అలయన్స్ 2018లో మిలాన్ అనే ఒప్పందాన్ని ప్రకటించింది, ఎల్-అకూస్టిక్స్, మేయర్ సౌండ్ వంటి స్పీకర్ సంస్థలు దాన్ని అనుసరిస్తున్నాయి. సాంకేతికంగా చూస్తే డాంటే కంటే పద్ధతైన పని అని నాకు అనిపిస్తుంది. అయితే స్విచ్ కూడా ఏవీబీ తెలిసినదై ఉండాలి. అర్ధరాత్రి స్విచ్ కాలిపోతే మర్నాడు ఉదయం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాను బజారు సీటీసీకి వెళ్లి మరొకటి తెచ్చుకోవడం కుదరదు. ఇక 2013లో వచ్చిన ఏఈఎస్67 వేర్వేరు పద్ధతుల పరికరాలు ఒకదానితో మరొకటి కలిసేందుకు ఏర్పరిచిన ప్రమాణం; డాంటే పరికరాల్లో చాలావాటిలో ఆ సౌకర్యం ఉంది. కాకపోతే నెట్‌వర్క్‌లో ఎవరెవరు ఉన్నారో కనుక్కునే విధానాన్ని ఆ ప్రమాణం నిర్దేశించలేదు కాబట్టి కలపడానికి ఓపిక కావాలి. ప్రసార కేంద్రాల వారికి అది పనికొస్తుంది, సాయంత్రం ఆరున్నరకు తెర లేవవలసిన మాకు అంత ఓపిక ఉండదు. మాడీ 1991 నాటి ప్రమాణం. ఒక కోయాక్సియల్ తీగ మీద 64 ఛానళ్లు ఒక దిశలో పంపుతుంది. పాతదే గానీ మొండిది, పెద్ద కన్సోళ్లతో వచ్చే బృందాలు ఇప్పటికీ దాన్ని అడుగుతాయి.

వీటిలో ఏది ఎంతకాలం ఉంటుందో చెప్పడానికి కోబ్రానెట్‌ను గుర్తు చేస్తే చాలు. 1996లో వచ్చి, ఒకప్పుడు పెద్ద పెద్ద వేదికల్లో తిరుగులేనిదిగా వెలిగిన ఆ పద్ధతి నేటి కొత్త మిక్సర్లలో కనిపించదు. దాన్ని నమ్ముకుని పరికరాలన్నీ ఒకే చోట కొన్న హాళ్లు తర్వాత అన్నిటినీ మార్చుకోవలసి వచ్చింది. అదే కాలంలో గోడల్లో మంచి రాగి, మంచి ఫైబర్ వేసుకున్నవారికి ఆ తీగలు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

కళాకారుల వైపు నుంచి వచ్చే ఒక సందేహానికి కూడా జవాబు చెప్పాలి. డిజిటల్ వల్ల తమ గొంతు తమకు ఆలస్యంగా వినిపిస్తోందని కొందరు పెద్దలు అంటుంటారు. డాంటేలో మామూలుగా పెట్టే ఆలస్యం 1 మిల్లీసెకను. గాలిలో శబ్దం అంత సమయంలో సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది, అంటే మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న మానిటర్ స్పీకర్ నుంచి వచ్చే శబ్దానికి గాలే పది మిల్లీసెకన్లు తీసుకుంటుంది. స్పీకర్ ముందు కూర్చున్నవారికి నెట్‌వర్క్ తెచ్చే తేడా తెలియదు. చెవిలో పెట్టుకునే ఇన్-ఇయర్ మానిటర్లతో పాడేవారికి మాత్రం సొంత గొంతు ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది కాబట్టి రెండూ కలిసినప్పుడు గొంతు కాస్త డొల్లగా అనిపించవచ్చు. అంకెల మార్పిడికీ, మిక్సర్‌కూ, డిజిటల్ కార్డ్‌లెస్ మైకుకూ పట్టే సమయం అన్నీ కలిపి లెక్క వేసుకోవాలి. పెద్దల మాటలో నిజం లేదని కొట్టిపారేయకూడదు, నేరమంతా నెట్‌వర్క్ మీద మోపనూకూడదు.

ఇక కేబుల్. కోఠి గుజరాతీ గల్లీలో గానీ సీటీసీలో గానీ క్యాట్ 6 (కేటగిరీ 6 నెట్‌వర్క్ కేబుల్) అడిగితే ముందుగా చేతిలో పెట్టేది, చాలాసార్లు, అల్యూమినియం తీగ మీద రాగి పూత పూసినది. తొక్క తీసి చాకుతో గీకితే తెల్లగా మెరుస్తుంది. చుట్ట బరువు చేతికి తెలిసిపోతుంది, ధరా తక్కువే. కేటగిరీ ప్రమాణాలు దీన్ని ఒప్పుకోవు. నిరోధం ఎక్కువ, వంచితే విరుగుతుంది. గోడలో వేసే కేబుల్‌కు ఒంటి రాగి తీగ ఉండాలి. వేదిక మీద రోజూ చుట్టి విప్పే కేబుల్‌కు సన్నని పోగుల రాగి ఉండాలి, లేకపోతే నాలుగు నెలల్లో లోపల విరిగి, కదిపినప్పుడల్లా తెగుతూ కలుస్తూ ఉంటుంది. 100 మీటర్ల హద్దు సరళరేఖలో కొలిచేది కాదు. వేదిక నుంచి పైకప్పు ఎక్కి, చుట్టూ తిరిగి, మిక్సింగ్ బల్ల దగ్గరకు దిగే దారిని కొలవాలి, రెండు చివరల ముక్క కేబుళ్లనూ కలుపుకోవాలి. శిల్పకళావేదిక అంతటి హాల్లోనూ, పరేడ్ గ్రౌండ్స్ వంటి ఆరుబయటా ఈ లెక్క తప్పితే ఫైబర్ తప్ప గతి లేదు. ఫైబర్‌లో విద్యుత్తు పారదు కనుక వేదిక ఒక ఫేజు మీదా, మిక్సర్ మరో జనరేటర్ మీదా ఉన్నా హమ్ రాదు, పిడుగుల కాలంలో నిశ్చింతగా ఉండవచ్చు.

ప్రత్యక్ష ప్రసారానికి వచ్చే టీవీ, యూట్యూబ్ బృందాలతో ఇంకొక తగవు ఉంది. పూర్వం ట్రాన్స్‌ఫార్మర్ స్ప్లిటర్ పెట్టి ప్రతి మైకునూ రెండుగా చీల్చి వారికొక పాయ ఇచ్చేవాళ్లం. ఇప్పుడు వారు ల్యాప్‌టాప్ తెచ్చి ‘ఖాళీ పోర్టు ఏది’ అని అడుగుతున్నారు. ఒకే స్టేజ్ బాక్సు గెయిన్‌ను ఇద్దరు చూస్తున్నప్పుడు, ఒకరు తమ రికార్డింగ్‌కు పెంచితే హాల్లో ఫీడ్‌బ్యాక్ కూస్తుంది. దీనికి విరుగుడుగా కొన్ని మిక్సర్లలో గెయిన్ కాంపెన్సేషన్ ఉన్నా, ఇద్దరూ దాన్ని వాడుకోవడం తెలిసినవారై ఉండాలి. పైగా ఏ ఛానల్ ఎటు వెళ్లాలో తేల్చే డాంటే కంట్రోలర్ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఆ నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరైనా పొరపాటున ఒక గడిలో నొక్కితే గాయకుడి ఛానలే ఊడిపోవచ్చు. బయటివారికి ప్రదర్శన నెట్‌వర్క్‌లో పోర్టు ఇవ్వకూడదు. గోడ మీద ట్రాన్స్‌ఫార్మర్‌తో వేరు చేసిన నాలుగైదు అనలాగ్ అవుట్‌పుట్లు పెట్టి, ‘ప్రసారానికి’ అని రాసి ఉంచితే సగం గొడవలు తగ్గుతాయి. ఐప్యాడ్ మీద మిక్స్ చేసుకునే వైఫై రౌటర్ కూడా శబ్దపు దారికి విడిగా ఉండాలి. మధ్యాహ్నం ఖాళీ హాల్లో బ్రహ్మాండంగా పనిచేసిన 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, వెయ్యి మంది ఫోన్లతో వచ్చి కూర్చోగానే పత్తా లేకుండా పోతుంది.

కాబట్టి మందిరాల బాధ్యత చూసే అధికారులనూ, ఇంజినీరింగ్ విభాగాల వారినీ నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. వేదికకు రెండు వైపుల నుంచీ హాల్లోని మిక్సింగ్ స్థలానికీ, పై కంట్రోల్ గదికీ షీల్డ్ ఉన్న క్యాట్ 6ఏ రాగి తీగలు కొన్ని, మధ్యలో ఏ స్విచ్‌నూ తాకకుండా ఏకంగా వేయండి. ఏఈఎస్50 వారు వాటిని నేరుగా వాడుకుంటారు, డాంటే వారు తమ స్విచ్ తామే తెచ్చుకుని కలుపుకుంటారు. వాటి పక్కనే ఫైబర్ ఒకటి వేయండి, రేపటి అవసరానికి లాగుడు తాడుతో ఖాళీ పైపు ఒకటి వదలండి. మందిరానికి సొంత డాంటే వ్యవస్థ ఉంటే దాని స్విచ్‌ను సీసీ కెమెరాల నుంచీ, ఆఫీసు కంప్యూటర్ల నుంచీ వేరుగా, యూపీఎస్ మీద ఉంచండి. పాత మల్టీకోర్ బాగానే ఉంటే దాన్ని పీకి తుక్కుకు అమ్మకండి. త్యాగరాయ గానసభలో గానీ మరెక్కడ గానీ, అనలాగ్ మిక్సర్‌తో వచ్చే చిన్న సమాజానికి అదే ఆధారం, పెద్ద బృందానికి నెట్‌వర్క్ మొరాయించిన సాయంత్రం కూడా అదే ఆధారం.

పని పూర్తయ్యాక ఏ పోర్టు ఎక్కడికి వెళ్తుందో చూపే పటం, ప్రతి తీగకూ టెస్టర్ ఇచ్చిన నివేదిక, స్విచ్ పాస్‌వర్డులు మందిరం కార్యాలయంలో ఉండాలి. ఇప్పుడవి కాంట్రాక్టర్ దగ్గర పనిచేసి మానేసిన కుర్రవాడి ఫోనులో ఉంటున్నాయి. టెండరు పత్రం రాసేటప్పుడే ఈ నగరంలో రోజూ మిక్సింగ్ చేసే నలుగురిని పిలిచి ఒక పూట కూర్చోబెడితే వారు టీ ఖర్చుకే చెప్పి వెళ్తారు. చివరి బిల్లు చెల్లించే ముందు ఒక ఏఈఎస్50 మిక్సర్‌నూ, ఒక డాంటే మిక్సర్‌నూ విడివిడిగా అక్కడి తీగలకు కలిపి గంటసేపు పాట నడిపించండి. ఆ గంట మధ్యలో ఒకసారి మెయిన్ స్విచ్ ఆపి, జనరేటర్ అందుకునేదాకా శబ్దం ఆగుతుందో లేదో హాల్లో కూర్చుని వినండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సౌండ్ ఇంజినీరు,
చిక్కడపల్లి, హైదరాబాద్